చిన్న మున్సిపాలిటీలో నీళ్ల లైన్లు, నల్లా నిబంధనలు, బీమా: పాలక మండలి సభ్యులకు సమగ్ర మార్గదర్శి

మన దిక్కు చిన్న పట్టణాల్లో నీళ్ల లైను ఎక్కడెక్కడ పోయిందో పూర్తిగా తెలిసిన మనిషి మామూలుగా ఒక్కడే ఉంటాడు. ఇరవై ముప్పై ఏళ్లుగా పొద్దున్నే ట్యాంకు కింద వాల్వు తిప్పే ఆపరేటర్. ఆయన రిటైరైన రోజు పట్టణం మ్యాపు కూడా ఆయన వెంటే ఇంటికి పోతుంది.

నేను నల్గొండ జిల్లాలో ఒక చిన్న మున్సిపాలిటీలో కౌన్సిలర్‌గా పనిచేశాను. గెలిచిన మొదటి ఏడాదే ఒక రాత్రి బజారు రోడ్డులో నీళ్ల మెయిన్ లైన్ పగిలింది. వాల్వు మూద్దామంటే వాల్వు దొరకలేదు. ఆపరేటర్ గడ్డపారతో సీసీ రోడ్డు మీద కొట్టుకుంటూ, చప్పుడు వింటూ వెతికాడు. "ఈడనే ఉండాలె సార్, రోడ్డేసినప్పుడు కప్పేసిన్రు" అన్నాడు. వెతుకుతుండగానే ట్యాంకు ఖాళీ అయింది. ఆ నీళ్లన్నీ పల్లానికున్న ఒక కిరాణా కొట్టు గోదాంలోకి పోయి బియ్యం బస్తాలు తడిశాయి. తెల్లారి కొట్టాయన వచ్చి నష్టం ఎవరిస్తారని అడిగితే మాలో ఎవరి దగ్గరా జవాబు లేదు. బీమా పాలసీ ఉందన్నారు. ఫైలు తెప్పించి చూస్తే గడువు మార్చి 31తో అయిపోయింది. రెన్యువల్ చెక్కు సంతకం కోసం ఇంకా టేబుల్ మీదే ఉంది.

ఆ రోజు నుంచి నేను పట్టుకున్న సంగతి ఒకటే. పైపు ఎక్కడుందో, అది ఎవరిదో, పగిలితే ఎవరు కడతారో కాగితం మీద ఉండాలి. అదీ పగలకముందే ఉండాలి. హాలియా, చిట్యాల, చండూరు లాంటి ఊళ్లు పంచాయతీ నుంచి మున్సిపాలిటీలుగా మారింది 2018లోనే. ఇలాంటిచోట పాత పంచాయతీ రికార్డుల్లో లైను వేసిన బిల్లు దొరకొచ్చు గానీ, ఆ లైను ఏ గల్లీలో ఏ పక్కన పోయిందో దొరకడం కష్టం. అందుకని పని మ్యాపుతోనే మొదలుపెట్టండి.

ముందు మ్యాపు గీయండి

దీనికి కన్సల్టెంట్ అక్కర్లేదు. ఏఈని (అసిస్టెంట్ ఇంజనీర్‌ను), ఆపరేటర్‌ను, ఒక నోట్‌బుక్‌ను, 30 మీటర్ల టేపును తీసుకుని ఐదారు రోజులు పొద్దున నీళ్లు వదిలే టైములో తిరగండి. నీళ్లు వస్తున్నప్పుడే తిరగాలి. ఏ వాల్వు తిప్పితే ఏ గల్లీకి నీళ్లొస్తాయో, ఏ మూలకు అందట్లేదో, ఎక్కడ మట్టి తడిగా ఉందో అప్పుడే కనబడుతుంది. వార్డు కమిటీలను కూడా కలుపుకోండి. 2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టం ప్రకారం ప్రతి వార్డులో యువకులు, మహిళలు, పెద్దవయసు వాళ్లు, ప్రముఖులు అని నాలుగు కమిటీలుంటాయి, ఒక్కోదాంట్లో 15 మంది. వీళ్లలో పెద్దవయసు వాళ్ల కమిటీయే ఈ పనికి బంగారం. "ఈ బాయి కాడికెళ్లి పాత లైను పోతది బిడ్డా" అని చెప్పగలిగేది వాళ్లే.

ప్రతి వాల్వుకూ రెండు కొలతలు రాయండి. కదలని గుర్తులు రెండు ఎంచుకోండి: ఒక ఇంటి గోడ మూల, ఒక కల్వర్టు దిమ్మె లాంటివి. వాటి నుంచి వాల్వు ఎన్ని మీటర్లు ఉందో విడివిడిగా రాసుకోవాలి. ఒక్క కొలతే ఉంటే సగం వీధి తవ్వాల్సి వస్తుంది, రెండుంటే అవి కలిసేచోట గడ్డపార వేయొచ్చు. సెల్‌ఫోన్ లొకేషన్ కూడా తీసుకోండి కానీ దాన్నే నమ్ముకోకండి. అది నాలుగైదు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది, తవ్వేటప్పుడు ఆ నాలుగు మీటర్లే ప్రాణం తీస్తాయి. కరెంటు స్తంభాన్ని కూడా గుర్తుగా పెట్టుకోవద్దు, రోడ్డు వెడల్పు చేసేటప్పుడు ముందు కదిలేది అదే. గోడ మీద ఆయిల్ పెయింట్‌తో "వాల్వు 150, 2.4 మీ." అని (లైను సైజు మిల్లీమీటర్లలో, గోడ నుంచి దూరం) రాసి బాణం గుర్తు వేయించండి. రాత్రి టార్చి లైటు వెలుగులో ఆ ఒక్క గీత చేసే మేలు ఫైల్లోని డ్రాయింగ్ చేయలేదు.

వాల్వు పక్కనే ఇంకొన్ని వివరాలు రాయాలి. లైను సైజు ఎంత, పైపు ఏ రకం (పాత ఏసీ అంటే ఆస్బెస్టాస్ సిమెంటు పైపా, పీవీసీ ప్లాస్టిక్‌దా, హెచ్‌డీపీఈ ప్లాస్టిక్‌దా, డీఐ అనే ఇనుప పైపా), ఎంత లోతులో ఉంది, ఏ ఏడాది వేశారు. వాల్వు పూర్తిగా మూయడానికి ఎన్ని చుట్లు తిప్పాలో కూడా లెక్కపెట్టి రాయండి. 14 చుట్లు తిరగాల్సిన వాల్వు 9కే ఆగితే లోపల చెత్త పట్టిందనో, స్పిండిల్ (తిప్పే కడ్డీ) పాడైందనో అర్థం. ఆ సంగతి పగిలిన రాత్రి కాకుండా మామూలు రోజునే తెలియాలి. ఏడాదికి రెండుసార్లు ప్రతి వాల్వూ మూసి తెరిపించండి. ఏళ్లతరబడి తిప్పని వాల్వు అవసరానికి అస్సలు తిరగదు.

తిరిగేటప్పుడు కనబడ్డ లీకేజీని చిన్నదని వదలకండి, బకెట్ పెట్టి కొలవండి. 15 లీటర్ల బకెట్ అర నిమిషంలో నిండితే నిమిషానికి 30 లీటర్లు పోతున్నట్టు. రోజంతా లైన్లో నీళ్లుంటే 43,200 లీటర్లు. పట్టణంలో మనిషికి రోజుకు 135 లీటర్లు అన్నది మిషన్ భగీరథలో మున్సిపాలిటీలకు పెట్టుకున్న లెక్క. అంటే ఆ ఒక్క లీకేజీ 320 మంది నీళ్లు తాగేస్తోంది. కౌన్సిల్ సమావేశంలో ఈ అంకె చెప్పి చూడండి, వాల్వుల రిపేరుకు డబ్బు మంజూరు చేయడానికి ఎవరూ అడ్డు చెప్పరు.

మ్యాపు అయ్యాక వెంటనే ఒక తీర్మానం చేయండి: ఇకమీదట ఏ సీసీ రోడ్డు అంచనాలోనైనా వాల్వు గుంతలను రోడ్డు ఎత్తుకు లేపే ఖర్చు కూడా కలపాలి, గుంతలు లేపినట్టు ఏఈ ఫొటోతో ఎంబీలో (కొలతల పుస్తకంలో) రాస్తేనే బిల్లు పాస్ కావాలి. బజారు రోడ్డులో మా వాల్వును కప్పేసిన కాంట్రాక్టర్‌ది తప్పని అనుకున్నాం కానీ, ఆయన అంచనాలో గుంత మాటే లేదు.

ఎక్కడిదాకా మున్సిపాలిటీది, ఎక్కడి నుంచి ఇంటివాళ్లది

నీళ్ల తగాదాల్లో సగం ఇక్కడే పుడతాయి. మెయిన్ లైన్ మున్సిపాలిటీది, ఇంట్లో పైపు ఇంటివాళ్లది, ఇంతవరకు అందరూ ఒప్పుకుంటారు. మెయిన్ నుంచి గేటు దాకా రోడ్డు కింద ఉన్న ఆ పది ఇరవై అడుగుల సర్వీస్ పైపు ఎవరిది? అది లీకైతే ఇంటాయన మున్సిపాలిటీ వైపు చూస్తాడు, మున్సిపాలిటీ ఇంటాయన వైపు చూస్తుంది, నీళ్లు మోరీలోకి పోతూనే ఉంటాయి.

నా సలహా ఇది. మెయిన్, దాని మీద బిగించే సాడిల్ (పైపును చుట్టి పట్టే పట్టీ), ఫెరూల్ (నల్లా పైపు తగిలించే ముక్క) మున్సిపాలిటీవి. ఫెరూల్ నుంచి ఇంటిదాకా పైపు ఇంటివాళ్లది. అయితే రోడ్డు కింద భాగాన్ని తవ్వి బాగుచేసే పని మాత్రం మున్సిపాలిటీయే చేయాలి, ముందే నిర్ణయించిన రేటు ఇంటివాళ్ల నుంచి నీళ్ల బిల్లులో తీసుకోవాలి. ఇంటివాళ్లను తవ్వనిస్తే ఒక్కొక్కరు ఒక్కో ప్లంబర్‌ను తెచ్చి, రోడ్డు పగలగొట్టి, మట్టి పోసి వెళ్లిపోతారు. బాగా పేదవాళ్ల ఇళ్లకు ఆ ఖర్చు మాఫీ చేసే వీలు తీర్మానంలోనే పెట్టుకోండి. మీ ఊరికి వేరే పద్ధతి నచ్చితే అదే పెట్టుకోండి, కానీ రాసి పెట్టుకోండి. నల్లా కనెక్షన్ కాగితం వెనకవైపు ఈ నాలుగు వాక్యాలూ తెలుగులో అచ్చు వేయించి సంతకం తీసుకోండి. తర్వాత నష్టం అంచనా వేసే బీమా కంపెనీ సర్వేయర్ వచ్చినా మొదట అడిగేది ఇదే: పగిలిన భాగం ఎవరి ఆస్తి?

నల్లా కనెక్షన్‌కు నిబంధనలు

దేశం మొత్తానికి 2016 జాతీయ భవన నియమావళి ఉంది, దాని 9వ భాగం ప్లంబింగ్ గురించి. ఇళ్లలో నీటి సరఫరాకు ఐఎస్ (భారతీయ ప్రమాణం) 2065 ఉంది. ఇవన్నీ కౌన్సిలర్లు చదవాల్సిన పనిలేదు, ఏఈకి తెలిస్తే చాలు. మనం పట్టుబట్టాల్సినవి కొన్నే ఉన్నాయి.

పైపు మీద ముద్ర చూడాలి. పీవీసీ పైపు మీద ఐఎస్ 4985, హెచ్‌డీపీఈ మీద ఐఎస్ 4984, జీఐ (జింకు పూసిన ఇనుప పైపు) మీద ఐఎస్ 1239, ఇంట్లో వేసే సీపీవీసీ మీద ఐఎస్ 15778, డీఐ మీద ఐఎస్ 8329 అని అచ్చు ఉండాలి. కాంట్రాక్టర్ పైపులు దింపిన రోజే ఆ ముద్ర ఫొటో తీయించండి, మట్టి కప్పాక చూసేదేమీ ఉండదు. మెయిన్‌కు నేరుగా బొక్క పెట్టి పైపు దూర్చి గుడ్డ చుట్టే పని మన దగ్గర ఇప్పటికీ జరుగుతోంది. సాడిల్, ఫెరూల్ లేకుండా కనెక్షన్ ఇవ్వకూడదు. లైను మీద కనీసం మీటరు మట్టి ఉండాలి, లారీలు తిరిగే రోడ్డయితే ఇంకా లోతుగా వేయాలి.

మోరీ సంగతి మీద మాత్రం అస్సలు రాజీ పడొద్దు. ఇంజనీర్లు పాటించే లెక్క ప్రకారం నీళ్ల మెయిన్‌కూ మురుగు లైనుకూ మధ్య అడ్డంగా 3 మీటర్ల దూరం ఉండాలి. ఒకదాన్నొకటి దాటాల్సి వస్తే నీళ్ల పైపు పైన, మురుగు పైపు కింద, మధ్యలో అర మీటరు ఉండాలి. మన గల్లీల్లో 3 మీటర్లంటే ఒక్కోసారి గల్లీ వెడల్పే ఉండదు, నాకు తెలుసు. అలాంటిచోట కనీసం నీళ్ల లైను ఒక పక్క, మురుగు లైను ఇంకో పక్క వేయించండి, నల్లా పైపు మోరీలో మునిగి పోకుండా మోరీ పైనుంచి జీఐ పైపులో దాటించండి. మోరీలో మునిగిన నల్లా పైపుకు చిన్న చిల్లు పడితే, నీళ్లు వచ్చే గంటసేపు ఆ చిల్లు నుంచి మంచినీళ్లు బయటికి పోతాయి. సప్లై ఆగాక అదే చిల్లు నుంచి మోరీ నీళ్లు లోపలికి వస్తాయి. మర్నాడు మొదటి బిందెలో వచ్చేది అదే.

ఈ ప్రమాదాన్ని పదింతలు చేసేది నల్లాకు నేరుగా బిగించే మోటారు. మోటారు లైన్లోంచి నీళ్లు గుంజినప్పుడు పక్క చిల్లులన్నింటి నుంచి మురుగు కూడా లాగుతుంది, పక్కింటికి చుక్క రాదు. నిషేధించాల్సిందే. కానీ ఒక మాట మనసులో పెట్టుకోండి: ఊరికే ఎవరూ మోటారు కొనరు. ఒక అంతస్తు ఇంటికి నల్లా దగ్గర నీళ్లు 7 మీటర్ల ఎత్తుకు ఎక్కేంత ప్రెషర్, రెండంతస్తులకు 12, మూడంతస్తులకు 17 ఉండాలన్నది చాలాకాలంగా ఉన్న డిజైన్ లెక్క. మన చివరి గల్లీల్లో నల్లా గుంత తవ్వి, అందులో దిగి బిందె పెట్టాల్సి వస్తున్నప్పుడు, అక్కడి అక్కచెల్లెళ్ల మోటార్లు జప్తు చేయడం న్యాయం కాదు. ముందు ఆ గల్లీకి వేరే వాల్వు పెట్టి వంతులవారీగా నీళ్లివ్వండి, ప్రెషర్ కొలవండి, ఇంటికో సంపు కట్టుకుని సంపు నుంచి మోటారు పెట్టుకోమని నచ్చజెప్పండి. ఆ తర్వాత కూడా లైనుకు బిగిస్తే జరిమానా వేయండి.

రెండోది, మన జిల్లాకు ప్రత్యేకంగా సంబంధించింది: ఇంటి బోరు పైపును నల్లా పైపుకు కలపడం. సౌకర్యంగా ఉంటుందని ప్లంబర్లు ఒక టీ (మూడు పైపులు కలిపే ముక్క) వేసి కలిపేస్తారు. నల్లా రాని టైములో బోరు వేస్తే ఆ నీళ్లు వెనక్కి మెయిన్‌లోకి పోయి నాలుగిళ్లకు చేరతాయి. వేరే ఊళ్లో అయితే ఉప్పు నీళ్లు కలిశాయని సరిపెట్టుకోవచ్చు. మన దగ్గర బోరు నీళ్లంటే ఫ్లోరైడ్. తాగేనీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరులో 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దిక్కు లేనప్పుడు 1.5 వరకు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు వంగిన నడుములు, వంకరపోయిన కాళ్లు చూసినవాళ్లకు ఆ అంకెలు వేరేగా వినబడతాయి. ఈ నీళ్ల గోస దేశానికి తెలియాలనే 1996లో నల్గొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీ చేశారు. అంత కొట్లాడి తెచ్చుకున్న కృష్ణా నీళ్లలోకి మళ్లీ ఒక టీ ముక్కతో ఫ్లోరైడ్ కలుపుకోవడం నాకు తట్టుకోలేని సంగతి. అందుకే నిబంధన ఇలా రాయండి: బోరు పైపుకూ నల్లా పైపుకూ ఎక్కడా కలయిక ఉండరాదు. సంపులోకి రెండూ వదలాలంటే రెండు పైపుల మూతులూ నీటిమట్టం కన్నా పైన, గాలి ఆడేలా ఉండాలి. ఇదే నిబంధన మున్సిపాలిటీకీ వర్తించాలి. భగీరథ సప్లై ఆగిన రోజు పాత బోరును అదే ట్యాంకులోకి తిప్పే అలవాటు చాలా చోట్ల ఉంది. తప్పనిసరైతే ముందే చాటింపు వేసి, వాడకానికే తప్ప తాగడానికి వద్దని చెప్పండి.

ప్లంబర్లను కూడా లెక్కలోకి తేవాలి. ఊళ్లో పనిచేసే ప్లంబర్లందరినీ పిలిచి పేర్లు నమోదు చేసి, ఒక పూట ఏఈతో సాడిల్ ఎలా బిగించాలో చేసి చూపించండి. ఆ జాబితాలో ఉన్నవాళ్లే మెయిన్‌ను ముట్టుకోవాలి. గుంత కప్పకముందు ఫొటో ఆఫీసుకు పంపాలి. వాళ్లను దొంగల్లా చూడకండి, మన లైన్ల గురించి మనకన్నా వాళ్లకే ఎక్కువ తెలుసు.

మెయిన్ పగిలిన రాత్రి

ఫోన్ వచ్చిన టైము రాయండి. మ్యాపు చూసి వాల్వు మూయండి, మూసిన టైము రాయండి. ఈ రెండు టైముల మధ్య ఎంత తేడా ఉందన్నదే రేపు నష్టపరిహారం దగ్గర మీ పక్షాన సాక్ష్యం. నీళ్లు నిలిచిన చోట కరెంటు స్తంభం, డీపీ బాక్సు ఉంటే లైన్‌మన్‌కు ఫోన్ చేసి సప్లై తీయించాకే మనుషులను దింపండి. గుంత చుట్టూ తాడు కట్టి, లైటు పెట్టి, ఒక మనిషిని కాపలా ఉంచండి. తడిసిన ఇళ్ల, కొట్ల ఫొటోలు సామాన్లు కదపకముందే తీయండి.

జేసీబీతో పై మట్టి తీయొచ్చు, పైపు మీది చివరి అడుగు మాత్రం పారతోనే తీయాలి. పైపు కోసే ముందు గుంతలో నీళ్లు పైపు అడుగు కన్నా కిందికి దిగేదాకా మోటారుతో తోడించండి, లేకపోతే ఆ బురదంతా పైపులోకి పోతుంది. కోసిన ముక్కను పారేయకండి. దానికి తేదీ, వీధి పేరు రాసిన చీటీ కట్టి స్టోర్‌లో పెట్టండి.

అతుకు వేశాక నేరుగా నల్లాలకు వదలొద్దు. ఆ భాగంలో నల్లాలు కట్టేయమని చెప్పి, చివర ఉన్న వాషౌట్ (లైను కడిగి నీళ్లు బయటికి వదిలే వాల్వు) నుంచి తేటనీళ్లు వచ్చేదాకా వదలాలి. తర్వాత బ్లీచింగ్ వేయాలి. లెక్క ఇలా ఉంటుంది: 150 మిల్లీమీటర్ల పైపు 100 మీటర్లలో సుమారు 1,770 లీటర్లు పడతాయి. లీటరుకు 50 మిల్లీగ్రాముల క్లోరిన్ చొప్పున 88 గ్రాములు కావాలి. మంచి బ్లీచింగ్ పౌడర్‌లో క్లోరిన్ మూడో వంతే ఉంటుంది కాబట్టి పౌడర్ 270 గ్రాముల దాకా పడుతుంది. మూత తీసిన బస్తా మన ఎండలకు నెలలోనే పస తగ్గుతుంది, కొత్త బస్తాయే వాడండి. ఆ నీళ్లు ఒక రోజు లైన్లో ఉంచి, పూర్తిగా వదిలేసి, మళ్లీ మంచినీళ్లు నింపి, చివరి నల్లా దగ్గర క్లోరోస్కోప్‌తో (క్లోరిన్ కొలిచే పరికరంతో) చూడండి. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ కనబడాలి. అంత వ్యవధి లేని అత్యవసరమైతే మాత్రం రెండు రోజులు నీళ్లు మరగబెట్టి తాగమని ఇల్లిల్లూ తిరిగి చెప్పించండి.

బీమా: ఎవరికి ముందు, ఎంత

చాలా మున్సిపాలిటీల్లో బీమా అంటే వాహనాలకు కట్టేదే. మనం ముందు మనుషుల నుంచి మొదలుపెట్టాలి.

వాల్వు గుంతలో దిగేవాడు, అర్ధరాత్రి తవ్వేవాడు చాలావరకు ఔట్‌సోర్సింగ్ మనిషే. నెలకు 21,000 రూపాయల లోపు జీతమైతే ఈఎస్ఐ వర్తించాలి, ఏజెన్సీ నిజంగా కడుతోందా లేదా ప్రతి నెలా చలానా తెప్పించి చూడండి. ఈఎస్ఐ లేనివాళ్లకు వర్క్‌మెన్ కాంపెన్సేషన్ పాలసీ (పనిలో ప్రమాదం జరిగితే పరిహారమిచ్చేది) తీసుకోవాలి. వీటికి తోడు ప్రధానమంత్రి సురక్షా బీమా ఉంది. ఏడాదికి 20 రూపాయలు, 18 నుంచి 70 ఏళ్లవాళ్లకు, ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు. జూన్ 1 నుంచి మే 31 దాకా నడుస్తుంది, మే నెలాఖరున ఖాతాలో డబ్బు లేకపోతే ఆగిపోతుంది. మే నెలలో ఒకరోజు బ్యాంకు వాళ్లను ఆఫీసుకే పిలిపించి అందరివీ సరిచూడండి.

తర్వాత కాంట్రాక్టర్. టెండర్ షరతుల్లోనే కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్ పాలసీ (పని జరుగుతుండగా వచ్చే నష్టాలకు బీమా) అడగండి, అందులో బయటివాళ్ల నష్టం కూడా చేరి ఉండాలి, బీమా పొందేవాళ్లలో మున్సిపాలిటీ పేరు కూడా ఉండాలి. పాలసీ కాపీ చేతికొచ్చాకే వర్క్ ఆర్డర్ ఇవ్వండి. కేబుల్ వేసే కంపెనీలు రోడ్డు తవ్వేటప్పుడు మన పైపులు పగలడం కొత్త కాదు. తవ్వే ముందు సమాచారం ఇవ్వడానికి 2023 మార్చిలో కేంద్రం తెచ్చిన కాల్ బిఫోర్ యూ డిగ్ యాప్ ఉంది. అందులో మున్సిపాలిటీ నమోదై ఉండాలి. రోడ్డు తవ్వకం అనుమతికి డిపాజిట్ తీసుకుని, పైపు పగిలితే అందులోంచి కోయండి.

ఎండాకాలం అద్దెకు తీసుకునే నీళ్ల ట్యాంకర్ల సంగతి మర్చిపోతుంటాం. ట్రాక్టర్‌కు థర్డ్ పార్టీ ఉంటే సరిపోదు, వెనక ట్యాంకర్ ట్రైలర్ కూడా పాలసీలో రాసి ఉండాలి. మడ్‌గార్డ్ మీద ఎవరినీ కూర్చోనివ్వొద్దు.

కిరాణా కొట్టాయన లాంటి వాళ్ల కోసం పబ్లిక్ లయబిలిటీ పాలసీ, అంటే మన వల్ల బయటివాళ్లకు జరిగే నష్టానికి బీమా. అందులో రెండు అంకెలుంటాయి: ఒక ప్రమాదానికి ఎంత, ఏడాది మొత్తానికి ఎంత. మీ బజారులో ఒక గోదాం పూర్తిగా తడిస్తే ఎంత నష్టమో వ్యాపారులనే అడిగి మొదటి అంకె నిర్ణయించండి. ఇంకో మెలిక ఉంది. లీకేజీ మీద ఫిర్యాదు వచ్చి మూడు వారాలు పట్టించుకోకపోతే, ఆ తర్వాత అక్కడే పైపు పగిలితే, తెలిసీ వదిలేశారని బీమా కంపెనీ మెలికపెడుతుంది. ఫిర్యాదు రిజిస్టర్‌లో వచ్చిన తేదీతో పాటు బాగుచేసిన తేదీ కూడా ఉండాల్సింది అందుకే.

ఆస్తుల పాలసీలో మోసపోయేది రెండు చోట్ల. పంపు మోటారు తన వైరింగ్ లోపంతో కాలితే మామూలు అగ్నిప్రమాద పాలసీ ఇవ్వదు, దానికి మెషినరీ బ్రేక్‌డౌన్ పాలసీ వేరే తీసుకోవాలి. రెండోది విలువ తక్కువ రాయడం. కోటి రూపాయల ఆస్తికి ప్రీమియం మిగులుతుందని 50 లక్షలే రాస్తే, 10 లక్షల నష్టానికి 5 లక్షలే వస్తాయి. భూమిలో ఉన్న పైపులు కూడా కావాలంటే షెడ్యూల్‌లో వాటి పేరు రాయించాలి. పాతబడి అరిగిపోవడం, మెల్లగా ఊరడం ఏ పాలసీలోనూ రాదు. క్లోరిన్ గ్యాస్ సిలిండర్లు వాడే ప్లాంటు మీ కింద ఉంటే, 1991 పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ చట్టం కింద ఏం చేయాలో కమిషనర్ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి.

అన్నింటికన్నా ముఖ్యం ప్రీమియం తేదీ. మన దేశంలో బీమా చట్టం 64వీబీ సెక్షన్ ప్రకారం డబ్బు కంపెనీకి చేరాకే రిస్క్ మొదలవుతుంది. ఫైలు కదులుతోంది, చెక్కు రాశాం అంటే కుదరదు. మార్చి 31న ముగిసే పాలసీకి ఫిబ్రవరి సమావేశంలోనే ఎజెండా పెట్టండి. మార్చిలో బిల్లుల హడావిడిలో దాని మొహం చూసేవాళ్లుండరు. మాకు తగిలిన దెబ్బ అదే.

వార్డులో జనానికి కూడా ఒక మాట చెప్పండి. 2021 ఏప్రిల్ నుంచి వచ్చిన భారత్ గృహ రక్ష అనే ఇంటి పాలసీలో ట్యాంకులు, పైపులు పగిలి జరిగే నష్టం చేరి ఉంది. హఠాత్తుగా పగిలితేనే వస్తుంది, గోడ నెమ్మెక్కితే రాదు.

క్లెయిమ్ చేసేటప్పుడు

అదే రోజు రాతపూర్వకంగా తెలియజేయండి, ఈమెయిల్ అయితే పంపిన టైము కూడా అందులో నమోదవుతుంది. ఫోన్ వచ్చిన టైము, వాల్వు మూసిన టైము, ఫొటోలు, ఆ వీధి మ్యాపు, ఫిర్యాదు రిజిస్టర్ కాపీ, రిపేరు బిల్లులు ఒక ఫైల్లో పెట్టండి. సర్వేయర్ వచ్చినప్పుడు ఏఈతో పాటు ఆపరేటర్ కూడా ఉండాలి. చీటీ కట్టి దాచిన పైపు ముక్క అప్పుడు ఆయన చేతికివ్వండి. పగులు పొడుగ్గా ఉందా, గుండ్రంగా ఉందా, జేసీబీ పంటి గాటు ఉందా అన్నది చూసి కారణం చెప్పేది ఆ ముక్కే.

కౌన్సిలర్లకు కష్టమైన సంగతి ఒకటుంది. నష్టపోయినాయన ఎదురుగా నిలబడితే "ఫికర్ చేయకు అన్నా, మున్సిపాలిటీ ఇస్తది" అనాలనిపిస్తుంది. అనకండి. కంపెనీకి చెప్పకుండా తప్పు మాదేనని ఒప్పుకుంటే క్లెయిమ్ నిరాకరించే షరతు పాలసీలో ఉంటుంది. అలాగని మొహం చాటేయొద్దు. ఆయన కొట్టులోకి వెళ్లండి, తడిసిన బస్తాలు ఒక్కొక్కటీ లెక్కపెట్టి రాయించండి, కొన్న బిల్లులు వెతకడంలో సాయం చేయండి, దరఖాస్తు తీసుకుని నంబరు వేసిన రసీదు ఇవ్వండి. "నష్టం మొత్తం రాసుకున్నం అన్నా, కాగితం పైకి పంపుతున్నం, వారానికోసారి నేనే వచ్చి ఎక్కడిదాకా వచ్చిందో చెప్త" అనండి. చెప్పినట్టే వారానికోసారి వెళ్లండి.

క్లెయిమ్ తేలేదాకా ఆగకుండా రోడ్డు గుంత పూడ్పించండి, కొత్త అతుకును మ్యాపులో రెండు కొలతలతో ఎక్కించండి. ఆ మ్యాపు కాపీలు మూడు ఉండాలి: ఒకటి ఏఈ గదిలో, ఒకటి బీమా ఫైల్లో, ఒకటి లామినేషన్ చేయించి ట్యాంకు కింద ఆపరేటర్ గదిలో గోడకు.